స్టాంపు కాగితం మీద సంతకం పెడితే పరిహారం హక్కు పోతుందా?

ప్రశ్న: మా ఆయనకు 35 ఏళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో నెలకు 18 వేల జీతం. పనివాళ్లు ఆరుగురే, ఈఎస్‌ఐ లేదు. 2025 ఏప్రిల్‌లో రేకు కత్తిరించే మిషన్‌లో చెయ్యి పడి కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. ఓనరు ఆస్పత్రి బిల్లు కట్టి, 50 వేలు చేతిలో పెట్టి, ‘షెడ్డులో జరిగిన ప్రమాదానికి ఇక ఏమీ అడగను’ అని స్టాంపు కాగితం మీద సంతకం చేయించుకున్నారు. ఇప్పుడు అడిగితే ‘నీ నిర్లక్ష్యమే, పైగా సంతకం పెట్టావు’ అంటున్నారు. మాకు దారి ఉందా?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: ఉందమ్మా. ఆ కాగితానికి భయపడకండి. ఉద్యోగుల నష్టపరిహార చట్టం, 1923లోని 17వ సెక్షన్ ప్రకారం పరిహారం హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న ఒప్పందం చెల్లదు. రాజీ పడొచ్చు, కానీ దాన్ని కార్మిక శాఖలో ఈ కేసులు విచారించే కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించాలి. మొత్తం మరీ తక్కువైనా, ఒత్తిడి చేసి సంతకం తీసుకున్నా ఆయన ఒప్పుకోకపోవచ్చు. మీ ఓనరు ఆ గడపే తొక్కలేదు. కాబట్టి 29వ సెక్షన్ కింద పూర్తి పరిహారం కట్టాల్సిందే. ఇచ్చిన 50 వేలలో కూడా, కమిషనర్ వేరేగా చెబితే తప్ప, సగానికి మించి తగ్గించుకోలేరు. ఆస్పత్రి ఖర్చు పరిహారం కిందకు రాదు.

ఎంత రావాలో లెక్క చూడండి. జీతం 18 వేలైనా 15 వేలే లెక్కలోకి తీసుకుంటారు. అందులో 60 శాతం 9,000. దాన్ని 35 ఏళ్ల వయసుకు చట్టం ఇచ్చిన 197.06తో గుణిస్తే 17,73,540. ఒక చేతి మూడు వేళ్లు పోతే 30 శాతం నష్టమని చట్టంలోని పట్టిక (షెడ్యూల్)లో ఉంది. అంటే 5,32,062 రూపాయలు. 50 వేలెక్కడ, ఇదెక్కడ! నన్నడిగితే అక్కడితో కూడా ఆగొద్దు. చెయ్యి పోయిన వడ్రంగి ఇక వడ్రంగం చేయలేడు కనుక అది నూరు శాతం నష్టమేనని 1975లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఆయనది కూడా చేతిపనే. ఆ పనికి ఇక పనికిరారని డాక్టరు ధ్రువీకరిస్తే 30 శాతం కన్నా ఎక్కువ అడగండి. నెలలోపు కట్టనందుకు 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే 50 శాతం దాకా పెనాల్టీ కూడా అడగవచ్చు.

నిర్లక్ష్యం అన్నది చెల్లే వాదన కాదు. తప్పించుకోవాలంటే, మీ ఆయన తాగి ఉన్నారనో, మిషన్‌కు రక్షణగా బిగించిన గార్డును కావాలని తీసేశారనో ఓనరే రుజువు చేయాలి.

గడువు మాత్రం మర్చిపోకండి. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు, అంటే 2027 ఏప్రిల్‌లో ఆ తేదీ దాటకుండా కమిషనర్ దగ్గర దరఖాస్తు వేయాలి. 2025 నవంబరు 21 నుంచి ఈ 1923 చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అనే కొత్త చట్టం అమల్లోకి వచ్చినా, మీ ప్రమాదం అంతకు ముందుది కాబట్టి పాత చట్టం కింద వచ్చిన హక్కు ఎక్కడికీ పోదు. సివిల్ కోర్టుకు వెళ్లొద్దు, ఈ కేసులు అక్కడ తీసుకోరు.

ఇలాంటి కేసుల్లో పెద్ద టెన్షన్ ఒకటుంటుంది. జీతం నగదుగా ఇచ్చిన ఓనరు ‘అతనసలు నా దగ్గర పనే చేయలేదు’ అంటాడు. ఆస్పత్రి కేస్ షీటు, తోటి పనివాళ్ల సాక్ష్యం, ఫోన్‌పేలో ఎప్పుడైనా జీతం వేసి ఉంటే ఆ వివరాలు సిద్ధం చేసుకోండి. మీకు అన్నిటికన్నా గట్టి ఆధారం ఆ స్టాంపు కాగితమే. ప్రమాదం తన షెడ్డులోనే జరిగిందని ఓనరే అందులో రాయించారు. కాపీ మీ దగ్గర లేకపోయినా, అసలు కాగితం తెచ్చి చూపమని ఆదేశించే అధికారం కమిషనర్‌కు ఉంది.