ఒక్కరోజే వీలైతే పారిస్ మాస్టర్స్ టెన్నిస్‌లో ఏ రోజు ఆట చూడాలి?

బెంగళూరు కబ్బన్ పార్కు కోర్టులలో ఛాలెంజర్ (రెండో అంచె ప్రొఫెషనల్ టెన్నిస్) పోటీలు చూడటం అలవాటైన మీరు, ఆఫీసు పనిమీద పారిస్ వెళ్తూ మాస్టర్స్ టోర్నీకి ఒక్కరోజే కేటాయించగలనని, శనివారం సెమీఫైనల్స్ చూస్తే బాగుంటుందా అని అడిగారు. నేనైతే గురువారం వెళ్ళమంటాను.

మొదటి ఎనిమిది సీడ్లకు, అంటే ర్యాంకుల్లో ముందున్న ఆటగాళ్ళకు, తొలి రౌండులో బై ఉంటుంది, ఆడకుండానే రెండో రౌండు చేరతారు కనుక వారం మొదట్లో వారు కనిపించరు. శనివారానికి నలుగురే మిగులుతారు. గురువారం మాత్రం ప్రీక్వార్టర్స్ (చివరి పదహారుగురి రౌండు) మ్యాచ్‌లు ఎనిమిదీ జరుగుతాయి. 2019లో నేను, అప్పట్లో టోర్నీ జరిగే బెర్సీ హాలులో శనివారం టికెట్టుతో కూర్చున్నాను. దిమిత్రోవ్‌పై జొకోవిచ్ గెలిచాక అందరం నాదల్ కోసం ఎదురుచూస్తుండగా, పొట్ట కండరాల గాయంతో ఆయన తప్పుకున్నారని, షపొవలోవ్ ఆడకుండానే ఫైనల్ చేరాడని తెలిసింది. సీజను చివర, ఏడాది చివర మొదటి ఎనిమిదిమంది ఆడే ఏటీపీ ఫైనల్స్‌కు ముందు, అలసిన శరీరాలతో ఆడే టోర్నీలో ఒకే మ్యాచ్ మీద అంత డబ్బు పెట్టడం నాకు సబబుగా తోచదు. గురువారానికీ పూర్తి భరోసా లేదనుకోండి: 2025లో టాప్ సీడ్ అల్కరాజ్ తన మొదటి మ్యాచ్‌లోనే నోరీ చేతిలో ఓడిపోయాడు.

ఈ టోర్నీ పైకప్పు కింద జరుగుతుంది. అలాంటి ఇండోర్ ఆట ఎలా ఉంటుందంటే, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న మన ఊరిలో పలుచని గాలి వల్ల బంతి ఎలాగూ వేగంగా దూసుకుపోతుంది. పారిస్‌లో ఆ సాయం లేకపోయినా, ఎండ కళ్ళలో పడదు, గాలి బంతిని పక్కకు నెట్టదు కనుక సర్వీసు చేసేవాడు పైకి విసిరిన బంతిని ప్రతిసారీ అనుకున్నచోటనే అందుకోగలడు. అలాగని ఇండోర్ కోర్టులన్నీ వేగంగానే ఉంటాయనుకోవద్దు; కోర్టు పై పూతలో కలిపే ఇసుకను బట్టి ఆ వేగం మారుతుంది. వీలైతే బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెనుక సీటు తీసుకోండి. బంతి తిరుగుడూ, లేచే ఎత్తూ పక్క సీట్ల నుంచి అంతగా తెలియవు.

డబుల్స్ ఉంటే వదలకండి. మన కొడగు బోపన్న 2011లో పాకిస్తాన్ ఆటగాడు ఖురేషీతోనూ, 2012లో భూపతితోనూ ఈ టోర్నీ డబుల్స్ గెలిచాడు. 2025లో తన చివరి మ్యాచ్ కూడా ఇక్కడే ఆడాడు.

పాత సలహాలు చదివి బెర్సీకి మాత్రం వెళ్ళకండి. 2025 నుంచి టోర్నీ నాంటేర్‌లోని లా డిఫాన్స్ అరీనాకు మారింది. మెట్రో ఒకటో లైనులో చివరి స్టేషన్ లా డిఫాన్స్‌లో దిగి నడవవచ్చు.