పొలం అమ్మి సీటు కొనాలా? దేవరకొండ తండ్రికి జవాబు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. ఎప్‌సెట్ ర్యాంకుతో మా అమ్మాయికి హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయ కళాశాలలో సివిల్ సీటు వస్తోంది. ఎకరంన్నర అమ్మి ప్రైవేటు కాలేజీలో యాజమాన్య కోటా కింద ఏఐ-ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్) సీటు కొందామంటే, తాను రోడ్లు, వంతెనల ఇంజనీరే అవుతానని మొండికేస్తోంది. వానాకాలం వస్తే చాలు, ఊరి వాగు మీది కల్వర్టు గోడకు సుద్దతో గీతలు పెట్టి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో నోటుబుక్కులో రాసుకుంటూ తిరుగుతుంది. సివిల్‌లో ఉద్యోగాలు లేవంటున్నారు. ఆడపిల్ల ఎండలో కూలీల మధ్య నిలబడాలా? రెండు కోర్సులనూ పోల్చి చెప్పగలరు.

జవాబు: పోలిక చెబుతాను. ముందు, మీరు పిచ్చిపనిగా రాసిన ఆ సుద్దగీతల గురించి మాట్లాడాలి. వాగు మీద వంతెన కట్టదలచిన ఇంజనీరు మొదట చేసే పనుల్లో ఒకటి, ఒడ్డున ఉండే వృద్ధులను పిలిచి మీకు తెలిసినంతలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని అడిగి, చెట్టు మొదలు మీదో గుడి మెట్టు మీదో వాళ్లు చూపిన గుర్తును కొలుచుకోవడం. దానిని గరిష్ఠ వరద మట్టం అంటారు. శాఖలో అందరూ హెచ్ఎఫ్ఎల్ అనే పిలుస్తారు. వంతెన ఎంత ఎత్తు ఉండాలి, నీళ్లు పోవడానికి ఎన్ని ఖానాలు పెట్టాలి, పునాది ఎంత లోతుకు దింపాలి అనే లెక్కలన్నింటికీ అది కావాలి. పెద్ద నదుల మీద ఉన్నట్టు చిన్న వాగుల మీద ప్రవాహాన్ని కొలిచే కేంద్రాలు సాధారణంగా ఉండవు కనుక, ఊరివాళ్ల జ్ఞాపకమే చాలాచోట్ల రికార్డు. మీ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే ఆ రికార్డు రాయడం మొదలుపెట్టింది.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో మన ప్రాంతం రెండుసార్లు చూసింది. 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి రైలు పడిపోయినప్పుడు వందమందికి పైగా మరణించారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా సమర్పించగా, నెహ్రూ అప్పటికి ఆమోదించలేదు. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర ఎగువన చెరువు తెగి వచ్చిన వరదకు చిన్న రైలు వంతెన కొట్టుకుపోయి, డెల్టా ప్యాసింజర్‌లో మళ్లీ వందమందికి పైగా పోయారు. మనవి గొలుసుకట్టు చెరువులు. ఒక కట్ట తెగితే ఆ నీళ్లు కింది చెరువు మీద పడతాయి. కాబట్టి వాగులో పడే వానను లెక్కగట్టి ఊరుకుంటే సరిపోదు, ఏ చెరువు అలుగు ఏ వాగులో కలుస్తుందో కూడా తెలియాలి. పల్లెలో పుట్టి పెరిగిన ఇంజనీరుకు అది నడిచి తిరిగిన నేల.

ఇక ఏఐ-ఎంఎల్. ఆ చదువు చెడ్డదని నేను అనను. లెక్కలన్నా ప్రోగ్రామింగ్ అన్నా ఇష్టమున్న పిల్లలు చక్కగా చదువుకుంటున్నారు. నా సందేహం సీట్లు అమ్మే తీరు మీద. సివిల్, మెకానికల్ సెక్షన్లు తగ్గించి, ఆ స్థానంలో ఈ పేరుతో సెక్షన్లు పెంచిన కాలేజీలకు అంత వేగంగా ఆ విషయం తెలిసిన అధ్యాపకులు ఎక్కడి నుంచి వచ్చారు? నాలుగో సంవత్సరంలో నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరు చిన్న ప్రోగ్రాము కూడా సొంతంగా రాయలేకపోతున్నారు. వాళ్లు మొద్దులు కారు, వాళ్లకు నేర్పినవారు లేరు. మీరు అనుకుంటున్న కాలేజీకి వెళ్లి, ఆ బ్రాంచిలో పాఠం చెప్పేవారెవరో, నిరుడు ఎంతమందికి ఏ పనిలో ఉద్యోగాలు వచ్చాయో కాగితం మీద చూపించమనండి. చూడకుండానే భూమి బేరం పెట్టడం బాధ్యత అనిపించుకోదు. ఒక్క సబ్జెక్టు తప్పినా నా వల్లనే పొలం పోయిందని కుమిలిపోయే పిల్లలను నేను చూశాను. ఇష్టం లేని చదువు నెత్తిన పెట్టి, దాని మీద ఎకరంన్నర బరువు కూడా పెట్టకండి.

సివిల్‌లో కష్టం లేదని మాత్రం చెప్పను. ప్రైవేటు సంస్థల్లో మొదటి జీతం తక్కువే. ప్రభుత్వంలో 2022లో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) పోస్టులు 1,540 ఒకేసారి ప్రకటించారు. అలాంటి నోటిఫికేషన్ ఏటా రాదు. రోడ్ల మీద లోతుగా చదివే రవాణా ఇంజనీరింగ్ సాధారణంగా బీటెక్ సివిల్ తర్వాత ఎంటెక్‌లో ప్రత్యేకంగా చదివేది. వరంగల్ నిట్‌లో ఉంది, ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష స్కోరుతో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. తర్వాత ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాలు), పంచాయతీరాజ్ శాఖలతో పాటు రహదారుల డిజైన్ సంస్థలు, రోడ్డు భద్రతా తనిఖీలు ఉన్నాయి. జాతీయ రహదారి మీద 500 మీటర్ల నిడివిలో మూడేళ్లలో పదిమంది చనిపోతే దానిని బ్లాక్ స్పాట్‌గా, అంటే ప్రమాదాలు ఎక్కువగా జరిగే చోటుగా గుర్తిస్తారు. విజయవాడ హైవే మీదికి ఊరి రోడ్డు ఎక్కేచోట, చీకట్లో వెనక లైటు లేని వడ్ల ట్రాక్టరు మలుపు తిరుగుతుంటే మీరూ చూసే ఉంటారు. అక్కడ మలుపు ఎలా ఉండాలి, దీపం ఎక్కడ పెట్టాలి, వాహనాల వేగం ఎలా తగ్గించాలి అన్నదే ఈ చదువు.

కూలీల మధ్య నిలబడాలా అని అడిగారు. నిలబడాలి. సైటుకు వెళ్లని రోడ్డు ఇంజనీరు నాకు అక్కర లేదు. దేశమంతా తిరిగి కాలువలు, రోడ్లు వేసిన పాలమూరు కూలీల్లో ఆడవాళ్లు లేరా? ఆ ఎండలో వాళ్లు కంకర గంపలు మోస్తుంటే, పక్కన నిలబడి కొలతలు చూడటం మీ బిడ్డకు చిన్నతనం ఎలా అవుతుంది? ఈ ప్రశ్న చదివి నాకు కోపమే వచ్చింది. అయితే మీ భయంలో నిజం కూడా ఉంది. సైటులో మరుగుదొడ్డి ఉందా, పొద్దుపోయాక ఇంటికి చేర్చే వాహనం ఉందా, బస ఎక్కడ అన్నవి ఉద్యోగంలో చేరేముందు గట్టిగా అడగవలసినవి, అడిగినందుకు ఎవరూ తప్పుపట్టకూడనివి.

పొలం ఉంచుకొని, ర్యాంకుతో వస్తున్న ఆ కన్వీనర్ కోటా సివిల్ సీటుకు గడువులోగా రిపోర్టు చేయించండి. ఈసారి వాగు వచ్చినప్పుడు అమ్మాయితో పాటు మీరూ కల్వర్టు దాకా వెళ్లి, మీ చిన్నతనంలో నీళ్లు ఎక్కడిదాకా ఎక్కాయో చూపించి, అది ఏ ఏడాదో కూడా చెప్పి రాయించండి. ఆమె నోటుబుక్కులో ఆ గీత ఇంకా లేదు.