తారు ఉండ దగ్గరే ఆగు

నెల్లూరు

అమ్మాయీ,

మైపాడు నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మీ నాన్న వల దులుపుతుంటే నీ కాలికి అంటిన తారు ఉండతో మొదలుపెట్టావు. చాలా బాగుంది. రెండో పేరాకి వచ్చేసరికి "బ్యాక్టీరియా ముడిచమురును మింగేస్తుంది, సముద్రం శుభ్రమవుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అక్కడ నాకు బాధేసింది.

మింగడం కాదమ్మా. ముడిచమురు వేల రకాల పదార్థాలు కలిసిన ముద్ద. ఆల్కనివోరాక్స్ అనే బ్యాక్టీరియా మామూలు రోజుల్లో సముద్రంలో చాలా కొద్దిగా ఉంటుంది. చమురు పడితే విపరీతంగా పెరుగుతుంది. సబ్బులాంటి పదార్థాన్ని వదిలి, నూనెను సన్నటి బొట్లుగా విడగొడుతుంది. చమురులో ఉండేవి ఎక్కువగా హైడ్రోకార్బన్లు, అంటే కార్బన్, హైడ్రోజన్ కలిసిన గొలుసులూ ఉంగరాలూ. బ్యాక్టీరియా ఎంజైములు ఆ గొలుసు కొసకు ఆక్సిజన్ తగిలిస్తాయి. అది ఆల్కహాల్ అవుతుంది, తర్వాత కొవ్వు ఆమ్లం అవుతుంది. ఆ పైన రెండేసి కార్బన్ల చొప్పున తెగుతూ పోతుంది. చివరికి కార్బన్ డయాక్సైడ్, నీళ్ళు, కొత్త బ్యాక్టీరియా. తిన్నగా ఉండే గొలుసులు ముందు పోతాయి, ఉంగరాల్లాంటివి ఆలస్యంగా. అస్ఫాల్టీన్లని చమురులో అన్నిటికన్నా బరువైన భాగం ఉంటుంది, దాని జోలికి దాదాపు ఏదీ పోదు.

నీ కాలికి అంటింది ఏమిటో ఇప్పుడు చూడు. తేలికవి ఆవిరైపోయి, తినగలిగినవి తినేశాక మిగిలిన ఎంగిలి అది. నీ రెండో పేరాకి జవాబు మొదటి పేరాలోనే ఉంది, నువ్వు దాన్ని వదిలేసి ముందుకెళ్ళిపోయావు.

ఇంకొకటి. చమురులో కార్బన్‌కు కొదవ లేదు గానీ బ్యాక్టీరియా పెరగడానికి కావలసిన నత్రజని, భాస్వరం చాలవు. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు ఒలికినప్పుడు ఒడ్డున రాళ్ళ మీద ఎరువులు చల్లారు. మొలగొలుకులు పండించిన మన రైతుకు చెప్పు, ఇట్టే అర్థం చేసుకుంటాడు. మన కింద, చెన్నై పక్కనున్న ఎన్నూరు దగ్గర 2017 జనవరిలో రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు మాత్రం జనం బకెట్లతో తోడారు. అది ఓడ ఇంజన్ల బరువు నూనె, సూక్ష్మజీవులకు త్వరగా లొంగే రకం కాదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి రాయి. "శుభ్రమవుతుంది" అన్న మాట కొట్టెయ్. ఎంత పోయింది, ఏది మిగిలింది, ఎన్నాళ్ళు పట్టింది, అవి కావాలి నాకు.

పదాలకు టెన్షన్ పడకు. ఎంజైమును ఎంజైమనే రాయి. మీ నాన్నకు చదివి వినిపించు, ఆయన ఆపి అడిగిన చోట మళ్ళీ రాయి.

అన్నట్టు, కాలికి అంటిన తారు నీళ్ళతో పోయుండదు. కిరోసిన్ గుడ్డతో తుడిచావా, కొబ్బరినూనె రాశావా? అది రాయనే లేదు.