కారు కిందికి దూరావా?

తమ్ముడూ,

నీ కథ మొన్న రాత్రి మొదలుపెట్టి నాలుగో పేజీలో విసిరి కొట్టాను. 1968 అంబాసిడర్ ముందు చక్రం విప్పి నీ మేస్త్రీ ‘కాయిల్ స్ప్రింగు’ బయటికి లాగాడు. ఎక్కడిదయ్యా ఆ స్ప్రింగు? ఆ ఏడాది బండి మార్క్ 2 మోడల్, దాని ముందు చక్రాల దగ్గర కాయిల్ స్ప్రింగులే ఉండవు. దాని మాతృక అయిన బ్రిటిష్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి దానికి సంక్రమించింది టార్షన్ బార్. కారు కింద నిలువు వాటంగా పడుకున్న ఉక్కు కడ్డీ అది. చక్రం గుంటలో పడ్డా, రాయెక్కినా అదే మెలితిరిగి బరువు కాస్తుంది.

ఇది తెలిస్తే ‘జీవితంలా సాగి ముడుచుకునే స్ప్రింగు’ అన్న పోలిక నీకు తట్టేదే కాదు. ఇప్పుడు పేజీకి ఆరు పోలికలు ఉంటేగాని కథ కాదట! వస్తువు తెలియనివాడే పోలిక వెతుక్కుంటాడు, ఇది నా మొండి నమ్మకం. బండి కీళ్ళలో ఉండే తొడుగుల్ని నా కథలో ‘బుష్షులు’ అని రాస్తే, ఒక వారపత్రిక ఎడిటరు అది కొట్టేసి ‘యంత్రభాగాలు’ అని రాశాడు. ముప్పై ఏళ్ళయింది, మంట చల్లారలేదు.

రాతలోకి రాకముందు నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో హెల్పర్ని. టార్షన్ బార్ చివర పళ్ళుంటాయి. ఊడదీసే ముందు ఏ పన్ను ఎక్కడ కూర్చుందో గుర్తు పెట్టుకోవాలి. నేను పెట్టలేదు. అంతా బిగించి జాకీ దింపితే బండి ఎడమకి ఒరిగి కూర్చుంది. మేస్త్రీ తిట్టలేదు. జాకీ మళ్ళీ నా చేతికిచ్చి టీకి వెళ్ళిపోయాడు. విప్పుతుంటే ఇంకో తప్పూ బయటపడింది. బండి గాల్లో ఉండగానే రబ్బరు బుష్షుల బోల్టులు పూర్తిగా బిగించేశాను. నేల మీద నిలబడి బరువు పడ్డాకే ఆఖరి బిగింపు, లేకపోతే రబ్బరు మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది. నీ కథలో ఈ ఒక్క పని చూపిస్తే చివరి రెండు పేజీల ఏడుపు తీసేయొచ్చు.

కారు కింద పడుకున్న తండ్రి మాట్లాడకుండా చెయ్యి చాపడం, కొడుకు సరైన పానా పెట్టడం... అది మాత్రం ముట్టుకోకు. విసిరేసిన కాగితాలు మళ్ళీ ఏరుకున్నది దానికోసమే.

కలం పేరు సంగతీ, ఏ పత్రికకి పంపాలన్నదీ తర్వాత చూద్దాం. ముందు పాత అంబాసిడర్లు చూసే షెడ్డొకటి వెతుక్కో. ముందు చక్రం అటూ ఇటూ తిరగడానికి ఆధారమైన స్వివెల్ పిన్నుకి గ్రీజు కొట్టేటప్పుడు గన్ను నువ్వే అడిగి తీసుకో. నల్లటి పాత గ్రీజంతా బయటికొచ్చి కొత్తది కనబడేదాకా కొట్టాలి. పాత చొక్కా వేసుకెళ్ళు.

మీ అన్నయ్య