నేరం నీ ఒంటిది కాదు తల్లీ

ప్రశ్న: మేడమ్, నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మాది ఒక మండల కేంద్రం. పోయిన వేసవిలో పెద్దమనిషినయ్యాను. మా వాళ్లు ఘనంగా ఫంక్షన్ చేశారు. వీధి మలుపులో నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. పదో తరగతి అబ్బాయి ఒకడు ఆ ఫ్లెక్సీని ఫొటో తీసి ఫోనులో పెట్టుకున్నాడట. బడి తెరిచినప్పటి నుంచి నేను ట్యూషన్ వదిలి ఇంటికి వెళ్తుంటే సైకిల్ మీద వెనకే వస్తున్నాడు. ట్యూషన్ గ్రూపులో మా అమ్మ నంబరు చూసి మెసేజీలు పెడుతున్నాడు. అమ్మ చూడకముందే తీసేస్తున్నాను. నాకు ఇష్టం లేదని ఒకసారి చెప్పాను. మాట్లాడకపోతే చెయ్యి కోసుకుంటానని నా స్నేహితురాలితో చెప్పి పంపాడు. క్లాసులో మా ఇద్దరి పేర్లూ కలిపి పిలుస్తున్నారు. అతను ఎదురైతే నాకు గుండె దడదడలాడుతుంది. అదే ప్రేమ అంటుంది నా స్నేహితురాలు. జ్వరం వచ్చి అతను రెండు రోజులు రాకపోతే మాత్రం ప్రాణం హాయిగా అనిపించింది. ఇది చాలదన్నట్టు నెలసరి సరిగ్గా రావడం లేదు. రెండు నెలలు రాలేదు, తర్వాత వచ్చి ఎనిమిది రోజులు ఆగలేదు. ఒకరోజు క్లాసులోనే బట్టలకు మరక అయింది. అందరూ వెళ్లిపోయేదాకా బెంచీ మీదే కూర్చున్నాను. ఇంట్లో నాయనమ్మ మూడు రోజులు విడిగా కూర్చోబెడుతుంది. పెద్దమనిషిని కాకముందు ఈ గొడవలేవీ లేవు. నా ఒళ్లంటేనే అసహ్యం వేస్తోంది. అమ్మకు చెబితే చదువు మానిపించేస్తారేమోనని భయం. ఏం చేయమంటారు?

జవాబు: తల్లీ, నీ ఉత్తరం చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘పెద్దమనిషిని కాకముందు ఈ గొడవలేవీ లేవు’ అన్నావు. రెండూ ఒకేసారి మొదలయ్యాయి కాబట్టి ఒకదాని వల్లే ఇంకొకటి వచ్చిందని నీ మనసు లెక్క కట్టేసింది. నీ ఒళ్లు ఏదో తప్పు చేసినట్టు, దానికి శిక్షగా ఆ అబ్బాయి వెంటపడుతున్నట్టు అనుకుంటున్నావు. ఎంతోమంది ఆడపిల్లలు ఇలాగే అనుకుని లోలోపల కుమిలిపోవడం నేను చూశాను. ఆ లెక్క తప్పు. నీ ఒంట్లో జరుగుతున్నది ఆకలి వేసినంత, నిద్ర వచ్చినంత సహజం. అతను చేస్తున్నది తెలిసి చేస్తున్న పని. ఈ రెంటికీ ముడి వేయకు.

ముందు నెలసరి సంగతి. నెలనెలా గర్భాశయం లోపల ఒక మెత్తని పొర పెరుగుతుంది. అండం విడుదలయ్యాక, గర్భం రాకపోతే, కొన్నాళ్లకు ఆ పొరను వదిలేయమని ఒంటికి సూచన అందుతుంది. అదే రక్తంతో కలిసి బయటకు వస్తుంది. అయితే మొదటి ఒకటి రెండేళ్లు ఈ ఏర్పాటు ఇంకా కుదురుకోదు. మెదడుకు, అండాశయాలకు మధ్య లంకె బలపడటానికి సమయం పడుతుంది. కొన్ని నెలలు అండం విడుదలే కాదు. అప్పుడు పొరను రాల్చమనే సూచన వేళకు అందక అది పెరుగుతూ పోతుంది. చివరికి ఆలస్యంగా, ఎక్కువ రోజులపాటు పోతుంది. రెండు నెలలు రాకపోవడం, వచ్చాక ఎనిమిది రోజులు ఉండటం నీకు అందుకే జరిగి ఉండవచ్చు. నీ వయసులో 21 రోజులకు వచ్చినా, 45 రోజులకు వచ్చినా మామూలే. సాధారణంగా రెండు నుంచి ఏడు రోజులు ఉంటుంది. చూసేవాళ్లకు బిందెడు రక్తం పోయినట్టు ఉంటుంది గానీ, చాలామందికి మొత్తం కలిపి పోయేది 30, 40 మిల్లీలీటర్లే, అంటే రెండు మూడు పెద్ద చెంచాలు.

అలాగని అన్నిటినీ మామూలే అని వదిలేయకూడదు. మళ్లీ ఏడు రోజులు దాటినా, గంట రెండు గంటలకే ప్యాడ్ నిండిపోతున్నా, మూడు నెలలు గడిచినా రాకపోయినా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా అమ్మను తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కడుపునొప్పితో నెలనెలా బడి మానేయాల్సి వస్తున్నా అంతే. మామూలు నొప్పికి వేడినీళ్ల సంచీ కడుపు మీద పెట్టుకోవడం, కాస్త నడవడం చాలా ఉపశమనం ఇస్తాయి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు చెప్పిన మాత్రను ఏదైనా తిన్నాకే వేసుకోవాలి. నొప్పిని పళ్ల బిగువున భరించాలని రూలేమీ లేదు.

ఒకసారి రక్తపరీక్ష మాత్రం తప్పకుండా చేయించుకో. నీ వయసు ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత ఉన్నట్టు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ప్రభుత్వ బడుల్లో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను చాలామంది పిల్లలు కిటికీలోంచి పారేస్తారు, నాకు తెలుసు. కడుపులో తిప్పుతుందని భయం. అన్నం తిన్నాక వేసుకుంటే అంత ఇబ్బంది ఉండదు. ఫంక్షన్‌లో నీకు చిమ్మిలి పెట్టే ఉంటారు కదా? నువ్వులు, బెల్లం కలిపి దంచిన ఆ ఉండ వెనుక పెద్దవాళ్ల తెలివి ఉంది. దాన్ని ఆ పది రోజులతో ఆపేయకుండా ఏడాది పొడవునా తిను. మునగాకు, తోటకూర తిన్నప్పుడు కాస్త నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం అవగానే టీ తాగితే పట్టదు.

ఇక బెంచీ మీద కూర్చుండిపోయిన ఆ సాయంత్రం. నువ్వు రాసింది చదవగానే చాలా ఏళ్ల కిందట నేను వెళ్లిన ఒక బడి గుర్తొచ్చింది. నాలుగు గంటల బెల్లు కొట్టారు. పిల్లలంతా వెళ్లిపోయారు. చివరి బెంచీలో ఒక పిల్ల తలవంచుకుని పుస్తకంలో ఏదో రాస్తున్నట్టు కూర్చుంది. ఊడ్చడానికి చీపురు పట్టుకుని వచ్చిన ఆయా ఆ పిల్లను ఒక్కసారి చూసి, ఏమీ అడగకుండా వెనక్కి వెళ్లింది. తన సంచీలోంచి మడతపెట్టిన పాత నూలు చీర ముక్క ఒకటి, మగ్గుతో నీళ్లు తెచ్చింది. చీర ముక్క పిల్ల ఒళ్లో పెట్టి, చున్నీని నడుముకు తనే కట్టి, ‘నువ్వు పద, బెంచీ నేను కడుగుతాలే’ అంది. ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. నీ దగ్గరికి ఆరోజు అలా ఎవరూ రాలేదని నాకు బాధగా ఉంది. వాళ్ల తరఫున నేను చెబుతున్నాను: మరక పడితే అది రక్తం మరక, అంతే. మోకాలు చీరుకుపోతే పడేది కూడా అదే.

పుస్తకాల సంచీలో ఒక చిన్న గుడ్డసంచీ ఉంచుకో. అందులో రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు, పాత కాగితాలు ఉండాలి. నెలసరి ఎప్పుడు వస్తుందో తెలియని నీలాంటి పిల్లకు అదే ధైర్యం. మరకను చన్నీళ్లతో ఉతుకు, వేడినీళ్లు పోస్తే గట్టిపడిపోతుంది. నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి ప్యాడ్ మార్చుకోవాలి. గుడ్డ వాడితే సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. మంచం కింద, తలుపు వెనుక, తడి చీరల చాటున ఆరేస్తే దురదలు, ఇన్ఫెక్షన్లు వస్తాయి. బడిలో మరుగుదొడ్డి బాగోలేదని పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా ఉండే పిల్లలు చాలామంది ఉంటారు. అలా ఉంటే మూత్రంలో మంట పట్టుకుంటుంది. మీది ప్రభుత్వ బడి అయితే ప్యాడ్ల గురించి టీచరును అడుగు. ఏడు నుంచి పన్నెండో తరగతి వరకు ఆడపిల్లలకు నెలకు పది చొప్పున ప్యాడ్లు ఉచితంగా ఇచ్చేందుకు ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ‘స్వేచ్ఛ’ అనే పథకమే పెట్టారు. అడగడానికి మొహమాటపడకు.

మొటిమలు, చంకల్లో వెంట్రుకలు, ఒక రొమ్ము రెండోదాని కంటే చిన్నగా ఉండటం, అప్పుడప్పుడు తెల్లబట్ట కావడం, వీటిలో ఏదీ జబ్బు కాదు. తెల్లబట్ట దుర్వాసన వేస్తేనో, దురద పెడితేనో, పెరుగు విరిగినట్టు అవుతుంటేనో డాక్టరుకు చూపించు.

నాయనమ్మ మాట కూడా రాశావు. దేవుడి గదిలోకి వెళ్లడం, వెళ్లకపోవడం మీ ఇంటి నమ్మకం. దాని మీద నేను నాయనమ్మతో తగాదా పెట్టుకోను. కానీ ఆ మూడు రోజులూ రోజూ స్నానం చేయాలి, కడుపునిండా తినాలి, చలిలో కటిక నేల మీద పడుకోకూడదు. ఈ మూడింటి దగ్గర తగ్గకు. ఆవకాయ జాడీ ముట్టుకుంటే బూజు పడుతుందంటారు. తడిచెయ్యి పెడితే ఎవరి చెయ్యయినా బూజు పడుతుంది.

ఇప్పుడు ఆ అబ్బాయి సంగతికి వద్దాం. గుండె దడదడలాడటం ప్రేమ అని నీ స్నేహితురాలు చెప్పింది. చీకట్లో కుక్క వెంటపడినా గుండె అలాగే కొట్టుకుంటుంది. అసలు జవాబు నువ్వే రాశావు. అతను రాని రెండు రోజులూ ప్రాణం హాయిగా ఉందన్నావు. ఇష్టమైన మనిషి కనబడకపోతే వెలితిగా ఉంటుంది, హాయిగా ఉండదు. నీది భయం. రేపెప్పుడో నీకు నిజంగానే ఎవరైనా నచ్చవచ్చు. అదేమీ పాపం కాదు. ఆ అబ్బాయికి నువ్వు నచ్చడం కూడా తప్పు కాదు. వద్దని చెప్పాక వెంటపడటం తప్పు. వద్దన్న అమ్మాయి వెంట వంద రోజులు తిరిగితే చివరికి ఒప్పుకుంటుందని మన సినిమాలు మగపిల్లలకు నేర్పాయి. ఆ పాఠం ఎంత చెడ్డదో నీలాంటి పిల్లల ఉత్తరాలు చదివే నాకు తెలుసు.

చెయ్యి కోసుకుంటానన్నాడు కదా, ఆ మాటను తేలిగ్గా తీసుకోకు. అలాగని అతన్ని కాపాడే బరువు నీ నెత్తిన వేసుకోకు. బుజ్జగించడానికి ఒంటరిగా వెళ్లి కలవడం, జాలిపడి మెసేజీకి జవాబివ్వడం అసలు చేయకు. ఆ మాట ఈరోజే ఒక టీచరుకు చెప్పు. వాళ్లు అతని ఇంట్లోవాళ్లకు చెబుతారు. నిజంగా బాధలో ఉంటే అతనికి కావలసింది పెద్దవాళ్ల సాయం. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే శిక్షణ పొందిన కౌన్సెలర్లు తెలుగులోనే మాట్లాడతారు. బెదిరించడానికే అని ఉంటే పెద్దవాళ్లకు తెలిసిందని అర్థమై ఆగుతాడు.

ఇకమీదట మెసేజీలు తీసేయకు. నీ దగ్గర ఉన్న సాక్ష్యం అవే. ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు ఇద్దరు ముగ్గురు కలిసి రండి. కబుర్లు మోసే స్నేహితురాలిని నేరుగా అడుగు: ‘నువ్వు నా స్నేహితురాలివా, అతని కబుర్లు మోసే మనిషివా?’ పేర్లు కలిపి పిలిచేవాళ్లకు జవాబివ్వకు. నువ్వు ఉడుక్కోవడమే వాళ్లకు వినోదం. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను లైంగిక ఉద్దేశంతో పదేపదే వెంబడించడం, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడేందుకు 2012లో తెచ్చిన పోక్సో చట్టం కింద లైంగిక వేధింపు. అతనూ చిన్నవాడే కాబట్టి ముందు బడిలో, ఇంట్లో చెప్పి ఆపించడమే మంచిది. ఆగకపోతే 1098 ఉంది, పిల్లల కోసమే పెట్టిన నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలంగాణలో అయితే ఆడపిల్లలను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్, ఉన్నాయి.

అన్నిటికంటే ముందు అమ్మకు చెప్పాలి. ఎదురుగా కూర్చుని చెప్పడం కష్టం. తలకు నూనె రాసి జడ వేసేటప్పుడు చెప్పు. అప్పుడు నీ ముఖం అమ్మకు కనబడదు, అమ్మ ముఖం నీకు కనబడదు, మాట సులువుగా వస్తుంది. ‘అమ్మా, నాకొక ఇబ్బంది ఉంది. నేనేమీ తప్పు చేయలేదు. చదువు మానిపించనని మాటిస్తే చెబుతాను’ అని మొదలుపెట్టు. మెసేజీలు దాచినందుకు ముందు కోప్పడవచ్చు. కోప్పడనివ్వు, అది భయంతో వచ్చే కోపం. ఒకవేళ అమ్మ వినకపోతే పిన్నికో, అత్తకో, నీకు నమ్మకమున్న టీచరుకో చెప్పు. చదువు మానిపించి పెళ్లి అనే మాట ఎత్తితే మాత్రం వెంటనే 1098కి ఫోన్ చేయి.

నోరు పెగలకపోతే ఈ కింది నాలుగు ముక్కలు అమ్మకు చూపించు.

అమ్మా, మీ పిల్ల పెద్దమనిషి అయిన సంతోషం మీది, కాదనను. కానీ ఆ ఫ్లెక్సీ మీ బంధువుల కంటే ముందు వీధిలో పోయే కుర్రాళ్లందరికీ కనబడింది. మీ పాప ఒంట్లో జరిగిన మార్పు బడి మొత్తానికి తెలిసిపోయింది. ఇప్పుడు ఆ బరువు మోస్తున్నది ఆ పసిదే. వెంటపడింది ఒకరైతే ఇంట్లో కూర్చోవలసింది ఇంకొకరా? కొద్దిరోజులు ట్యూషన్ వదిలే వేళకు మీరో, వాళ్ల నాన్నగారో వెళ్లి తీసుకురండి. ట్యూషన్ మాస్టారితో, హెడ్మాస్టరుగారితో మీరే మాట్లాడండి. గ్రూపులోంచి తల్లుల నంబర్లు పిల్లలకు కనబడకుండా చేయమనండి. మీ పాప నాకు రాసిందంటే మీ మీద నమ్మకం లేక కాదు, మీరు ఎక్కడ బాధపడతారోనని.

తల్లీ, ఒక క్యాలెండరు నీ మంచం పక్కన తగిలించుకుని నెలసరి మొదలైన రోజుకు పెన్సిల్‌తో సున్నా చుట్టు. ఆరు నెలల తర్వాత ఆ సున్నాల మధ్య ఎన్ని రోజులు వచ్చాయో లెక్కపెట్టి నాకు రాయి. అమ్మ జడ వేస్తూ ఏమందో కూడా రాయి.