ఆ మసక పొగా? దుమ్మా?

ప్రశ్న: ఎండాకాలంలో కొన్ని రోజులు ఆకాశం నీలం పోయి పాలిపోయినట్టు ఉంటుంది. అది నల్లమల కార్చిచ్చు పొగో, రాజస్థాన్ వైపు నుంచి వచ్చిన దుమ్మో ఇంట్లో కూర్చుని ఉపగ్రహ చిత్రాల్లో తేల్చుకోవచ్చా?
– పాఠకురాలు, ఉప్పల్

జవాబు: తేల్చుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. నాసా వరల్డ్‌వ్యూ సైట్‌లో తేదీ పెట్టి, వీర్స్ పరికరం తీసిన మామూలు రంగుల చిత్రం చూడండి. ఈ పరికరం మోసే ఉపగ్రహాలు మధ్యాహ్నం 1.30 ప్రాంతంలో మన మీదుగా వెళ్తాయి, సాయంత్రానికల్లా చిత్రం దొరుకుతుంది. మబ్బు తెల్లగా, అంచు తెగినట్టు ఉంటుంది. పొగది నీలం కలిసిన బూడిద రంగు. ఒకచోట సన్నగా మొదలై గాలివాటున విసనకర్రలా విచ్చుకుంటుంది. దుమ్ముది పసుపు కలిసిన గోధుమ రంగు. వెడల్పాటి తెరలా కదులుతుంది.

పలుచని మసక మన ఎర్రనేలల మీద కంటికి ఆనదు. అప్పుడు ఆ చిత్రం మీద ఏరోసాల్ (గాలిలో తేలే సన్నని కణాలు) ఇండెక్స్ పొర వేయండి. పొగ, దుమ్ము అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటాయి, మబ్బు పీల్చుకోదు. అందుకే మబ్బు సున్నా దగ్గరే ఉండిపోతుంది, ఇవి మాత్రం పైకి లేచి కనిపిస్తాయి.

అయితే రెండింటిలో ఏదన్నది ఆ పొర చెప్పదు, నేల మీది కొలత చెబుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సైట్‌లో సనత్‌నగర్, జూపార్క్ స్టేషన్ల పీఎం 2.5 (మరీ సన్నని కణాలు), పీఎం 10 (ముతకవీ కలిపిన కణాలు) అంకెలు పక్కపక్కన రాసుకోండి. దుమ్ములో ముతక కణాలెక్కువ, పొగలో సన్ననివెక్కువ. పీఎం 10 అంకె 180 ఉండి, పీఎం 2.5 అంకె 45 ఉంటే నాలుగో వంతే, అది దుమ్ము. 120కి 80 ఉంటే పొగను అనుమానించాలి. నగరంలో బండ్ల పొగ ఎప్పుడూ ఉండేదే కనుక నాలుగు రోజుల కిందటి అంకెలతో పోల్చి చూడండి. చాలామంది పొరబడేది ఇక్కడే: మైక్రోగ్రాముల్లో ఉన్న అంకెలే తీసుకోవాలి, ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) అంకెలు కాదు. ఏక్యూఐలో ఆ రెండింటికీ స్కేళ్లు వేరు, నిష్పత్తి తప్పుతుంది.

ప్రశ్న: మా చుట్టుపక్కల వరి కొయ్యకాళ్లు తగలబెడుతున్నారు. మంటల మ్యాప్‌లో ఒక్క ఎర్రచుక్కా లేదు. ఎందుకు?
– పాఠకుడు, పటాన్‌చెరు

జవాబు: ఆ చుక్కలు వీర్స్ చూసిన మంటలవి. మధ్యాహ్నం వచ్చి వెళ్లాక అది మళ్లీ వచ్చేది రాత్రి 1.30కి. సాయంత్రం అయిదింటికి అంటించి ఎనిమిదింటికి ఆరిపోయిన మంటను అది చూడనే చూడదు. మబ్బు అడ్డొచ్చినా అంతే. అందుకే చుక్క లేదంటే మంట లేదని కాదు. చుక్క ఉన్నా, అది 375 మీటర్ల గడికి గుర్తు, ఫలానా మడికి కాదు. రోజూ ఒకేచోట వెలిగే చుక్క ఫ్యాక్టరీది కావచ్చు. మ్యాప్‌లో సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే 5.30 గంటలు కలుపుకోండి.

ప్రశ్న: ఉపగ్రహ మ్యాప్ దట్టంగా చూపిస్తుంటే కింద గాలి రీడింగ్ మామూలుగానే ఉంది. ఏది నమ్మాలి?
– పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: రెండూ నిజమే. ఉపగ్రహం నేల నుంచి పైదాకా ఉన్న గాలి మొత్తాన్ని కలిపి చూస్తుంది. మనం పీల్చేది అట్టడుగు పొర. పొగ రెండు మూడు కిలోమీటర్ల ఎత్తున సాగిపోతుంటే కింద తెలియదు. నేల బాగా వేడెక్కి గాలి కిందామీదా కలిసే మధ్యాహ్నం వేళ అది కిందికి దిగొచ్చు. దాన్ని వెంటాడాలంటే ఇస్రో వారి మోస్‌డాక్ సైట్‌లో ఇన్సాట్-3డీఆర్, 3డీఎస్ ఉపగ్రహాలు అరగంటకొకటి ఇచ్చే చిత్రాలు వరసగా చూడండి. పొద్దున, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు పొగ బాగా తేలుతుంది. నడిమధ్యాహ్నం పలుచని పొగ మాయమైనట్టుంటుంది, పోయిందనుకోకండి. అంచు రెండు గంటల్లో 60 కిలోమీటర్లు జరిగి, ఇంకా 150 దూరంలో ఉంటే అయిదు గంటల్లో మీ మీదికి వస్తుంది. ఆ లెక్కకు వాడాల్సిన గాలి నేల దగ్గరిది కాదు, 850 హెక్టాపాస్కల్ మట్టంలోది, అంటే సుమారు ఒకటిన్నర కిలోమీటరు ఎత్తుది. విండీ యాప్‌లో ఎత్తు మార్చుకునే పట్టీ ఉంటుంది.

ఇంకో చిక్కు: పొగ మరీ దట్టమైతే కంప్యూటరు దాన్ని మబ్బని కొట్టిపారేస్తుంది. గాలిలో కణాలు ఎంత దట్టంగా ఉన్నాయో చూపే ఏరోసాల్ మ్యాప్‌లో (ఇండెక్స్ పొర కాదు) సరిగ్గా మధ్యలో ఖాళీ కనిపిస్తే శుభ్రమైన గాలి అనుకోకుండా రంగుల చిత్రం తెరిచి చూడండి.