వేలిముద్రకు తాళం వేస్తే రేషన్ ఎలా?

ప్రశ్న: మా అమ్మ పేరున పొలం రిజిస్ట్రేషన్ అయిన రెండు వారాలకే ఆమె ఖాతాలో రూ.10,000 మాయమయ్యాయి. ఆమెకు ఏటీఎం కార్డే లేదు. ‘మీ వేలిముద్రతోనే తీశారు’ అంటోంది బ్యాంకు. ఆధార్‌లో వేలిముద్ర లాక్ చేద్దామంటే రేషన్ ఆగిపోతుందేమోనని భయం. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు డబ్బు సంగతి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి రసీదు తీసుకోండి. రిజర్వు బ్యాంకు 2017 జులై సర్క్యులర్ ప్రకారం, తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కానప్పుడు, డబ్బు పోయినట్టు బ్యాంకు మెసేజ్ వచ్చాక మూడు పనిదినాల్లో చెబితే నష్టం ఖాతాదారు మీద పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే మామూలు పొదుపు ఖాతాకు రూ.10,000 దాకా మీరు భరించాలి. అందుకే రేపటికి వాయిదా వేయొద్దు. ‘వేలిముద్ర పడింది కాబట్టి తీసింది మీరే’ అన్న మాటకు తలూపకండి. ఆధార్‌తో డబ్బు తీసే ఏఈపీఎస్‌కు బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర చాలు. పిన్, ఓటీపీ అడగదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని ముద్రలతో రబ్బరు వేలిముద్రలు చేసి దొరికిపోయాడు. మీ అమ్మగారి ముద్ర కూడా అలాగే బయటికి పోయిందని ఇప్పుడే తేల్చలేం గానీ, దస్తావేజు నకళ్లు ఎవరెవరికిచ్చారో ఫిర్యాదులో రాయండి.

పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలును మార్చలేం. కాబట్టి లాక్ చేయాల్సిందే. మైఆధార్ వెబ్‌సైట్‌లో ఆధార్ నంబరు, ఓటీపీతో లాగిన్ అయి ‘లాక్/అన్‌లాక్ బయోమెట్రిక్స్’ నొక్కండి. ఆధార్‌కు ఫోన్ నంబరు జతై లేకపోతే ముందు ఆధార్ కేంద్రానికి అమ్మగారే వెళ్లాలి. ఆధార్ నంబరు లాక్ వేరు, ఈ బయోమెట్రిక్ లాక్ వేరు, కలిపేసుకోకండి.

లాక్ పడితే వేలిముద్రే కాదు, కనుపాప, ముఖం కూడా పనిచేయవు. రేషన్ మిషన్‌లో 330 అని ఎర్రర్ వస్తే కారణం ఇదే. బియ్యం వరుసలో తన వంతు రాబోతుండగా తాత్కాలిక అన్‌లాక్ చేయండి, పది నిమిషాలకు మళ్లీ తాళం పడుతుంది. ఇంటి దగ్గరే తెరిచి బయల్దేరితే దుకాణం చేరేసరికే గడువు తీరిపోతుంది.

అన్‌లాక్ చేశాక కూడా ముద్ర పడకపోతే వేళ్లు అరిగి ఉండొచ్చు. సున్నం, సిమెంటు, సబ్బు పనులు చేసేవారికి ఇది మామూలే. చేయి తుడిచి వేరే వేలు పెట్టించండి, కాకపోతే కనుపాప. అదీ కుదరలేదని డీలర్ పంపేస్తే రేషన్ ఫిర్యాదుల నంబరు 1967కి చెప్పండి: వేలిముద్ర పడలేదని హక్కుదారుకు సరుకులు ఆపకూడదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26 ఆధార్ తీర్పులోనే ఉంది.